మనిషికీ గుర్రానికీ తేడాలెన్ని?

“మళ్లీ కుదరలేదు!” పట్టాభిరామయ్య గారు చీటీలు రెండూ బల్ల మీద విసిరికొట్టారు. “నూటనాలుగు అక్షరాలు సరిచూడ్డానికి నాలుగు రోజులా?”

లింగమూర్తి, నాగేశ్వరి తలలు దించుకుని నిలబడ్డారు.

అది డెబ్బై ఆరో సంవత్సరం. నల్లగండ్ల పక్కన రేకుల షెడ్డులో ఓ చిన్న పరిశోధనశాల. కిటికీ తెరిస్తే సీతాఫలం చెట్లు, బండరాళ్లు. ఎంత హాయైన రోజులవి! ఇప్పుడక్కడ అన్నీ అపార్ట్‌మెంట్లే. ఈ పనీ కంప్యూటర్ రెప్పపాటులో చేసి పారేస్తుంది. అప్పుడు మాత్రం మనుషులే చెయ్యాలి. మనిషిలోనూ గుర్రంలోనూ ఉండే ఒకే ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల వరసను రెండు కాగితం పట్టీల మీద అక్షరాలుగా రాసి, ఒకదాని కింద ఒకటి పేర్చి, తేడాలు లెక్కపెట్టాలి. ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, ఒకరిది ఒకరికి చూపించకుండా చీటీ ఇవ్వాలి. రెండూ ఒకటైతేనే పని అయినట్టు.

“చేప కుదిరింది, కోడి కుదిరింది. ఈ ఆఖరి గుర్రం దగ్గర ఏమొచ్చింది మీకు? ఇవాళ కుదిరితే రేపట్నుంచి ఈ అమ్మాయి రానక్కర్లేదు. టెంపరరీ పోస్టే కదా!”

లింగమూర్తి గుబులంతా అదే. తేడాలు పన్నెండని అతనికి మొదటి రోజే తెలుసు. తెలిసే రోజుకో తప్పు లెక్క రాస్తున్నాడు. నాగేశ్వరి భీమవరం రైలెక్కితే ఇంకేముంది! మనసులో మాట చెప్పడం చేతకాక, పిచ్చి మనిషి, గుర్రాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

పట్టీలు మళ్లీ పేర్చారు.

“జర నిదానంగ లెక్కపెట్టున్రి మేడం, తొందరేం లేదు,” అన్నాడు.

“మీరూ కంగారు పడకండి,” అంది నాగేశ్వరి.

సాయంత్రం లింగమూర్తి చీటీ మీద పదిహేడు వేసిచ్చాడు.

పట్టాభిరామయ్య గారు చీటీలు విప్పి ఎగిరి గంతేసినంత పని చేశారు. “పదిహేడు, పదిహేడు! హమ్మయ్య, కుదిరింది! ఇక నువ్వు హాయిగా ఊరెళ్లొచ్చమ్మాయ్.”

లింగమూర్తి బల్ల దగ్గరకి ఉరికాడు. “గలత్ సార్!” అని అరిచాడు. “ఉన్నయి పన్నెండే. నేనే కావాలని తప్పు రాసిన. నన్ను నౌకరీలకెళ్లి తీసేస్తె తీసెయ్యున్రి. మేడం పోవద్దని గిట్ల చేసిన.”

ఆయన కళ్లజోడు సవరించుకుని చీటీలు మరోసారి చూశారు.

“మరి ఈ అమ్మాయి చీటీలో కూడా పదిహేడేమిటయ్యా?”

నాగేశ్వరి మెల్లగా అంది: “నేనూ మొదటి రోజు నుంచీ తప్పే రాస్తున్నానండీ.”