ఉప్పు పట్టిన పంపు

పంపు మూత విప్పగానే మెకానిక్ చాంద్ బాషా చెయ్యి ఆగిపోయింది. లోపల తెల్లగా పెచ్చు కట్టి ఉంది. గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. తుపుక్కున ఉమ్మి, తలెత్తి పెంచలయ్య వంక చూశాడు.

పెంచలయ్య నేలచూపులు చూశాడు.

జువ్వలదిన్నె దారిలో కిషోర్ బాబు కట్టుకున్న ఇల్లది. పక్కనున్న రొయ్యల గుంటలు ఆయనవే. ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ కూడా ఆయనదే. పెంచలయ్య కాపలా. అతని భార్య దుర్గ వంట చేస్తుంది. గేటు పక్క గదిలోనే కాపురం. ఈ పని పోతే సాయంత్రానికల్లా ఆ గదీ పోతుంది. మోకాళ్ళు అరిగిన యాభై ఆరేళ్ళ వాడికి ఇంకెవడు పని ఇస్తాడు?

"పూల్లో కాలవ నీళ్ళు పెట్టినావా పెంచలన్నా?" బాషా గొంతు తగ్గించి అడిగాడు.

పెంచలయ్య తలూపాడు.

పోయిన ఎండాకాలం సంగతి. కిషోర్ బాబు కుటుంబంతో సహా రెండు నెలలు బెంగుళూరులో ఉండిపోయాడు. పోతూ పోతూ ఒకటే మాట చెప్పాడు. పూల్ ఎండితే టైల్స్ లేచిపోతాయి, నిండుగా ఉంచు, పంపు రోజూ ఆడించు అని. చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పు తేలిన రోజులవి. మంచినీళ్ళు పోసేది ఈ కాంపౌండులోని బోరు ఒక్కటే. ఆ నీళ్ళు పూల్లోకి పోలేదు. గుంటలకు ఉప్పునీళ్ళు తోడే కాలవ పైపును పెంచలయ్య పూల్లోకి తిప్పాడు. ఆయన వచ్చే ముందు ఖాళీ చేసి, కడిగి, మంచినీళ్ళు నింపాడు. నీళ్ళు పోయాయి గానీ ఉప్పు పోలేదు. ఇనుప పంపును లోపల్లోపలే తినేసింది.

బాషాకూ ఆ ఎండాకాలం గుర్తొచ్చింది. ఊళ్ళో మోటారు బాగుచెయ్యడానికి పోయి దాహమని అడిగితే, ఆ ఇంటావిడ అంగడికి పంపి సోడా తెప్పించింది గానీ గ్లాసుడు నీళ్ళు ఇవ్వలేకపోయింది. నీళ్ళు లేవని చెప్పలేక ఆమె పడ్డ సిగ్గు ఇంకా తన కళ్ళ ముందే ఉందన్నాడు. చెబుతూ చెబుతూ పెంచలయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"బోరు నీళ్ళు ఊళ్ళో ఆడోళ్ళకు పోసినావు గదా? నాకర్థమైందిలే."

పెంచలయ్య అవుననలేదు, కాదనలేదు. భుజం మీద ఆ చెయ్యి నిప్పులా కాలింది.

ఇంతలో కాఫీ గ్లాసుతో కిషోర్ బాబు వచ్చాడు. బాషా ఆటోలో తెచ్చిన రెండు పంపులు అరుగు మీద పెట్టాడు. ఒకటి పాతదానిలాంటి ఇనుపది. రెండోది ప్లాస్టిక్ బాడీ, ఉప్పుకు తట్టుకునే రకం, ధర ఎక్కువ. ఆయన రెండింటినీ పుచ్చకాయల్ని తట్టినట్టు తట్టి చూశాడు. కరెంటు ఏది తక్కువ తాగుతుందన్నాడు, ఏది చప్పుడు చెయ్యదన్నాడు. చివరికి ఇనుపదాని వైపే మొగ్గాడు. బాషా ఒప్పుకోలేదు.

"ఉప్పుకు తట్టుకునేది నాకెందుకయ్యా? మనది మంచినీళ్ళ బోరు గదా." ఆయన అంతటితో ఊరుకోలేదు. పాత పంపు దగ్గరికి పోయి వంగాడు. "ఏంది బాషా, ఈ తెలుపు?"

పెంచలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"తప్పు నాదే సార్," అన్నాడు బాషా. "సముద్రపు గాలి కొట్టే చోట ఇనుపది బిగించకూడదు. సీలు కూడా సరిగ్గా వెయ్యలేదు నేను, ఉప్పుగాలి లోపలికి దూరింది. ఈసారి కూలి వద్దు."

కిషోర్ బాబు అతన్ని ఎగాదిగా చూశాడు. ఇరవై ఏళ్ళుగా మోటార్లు విప్పి నేర్చుకున్నది ఇదా అన్నాడు. ఈ పని కంటే కావలి బస్టాండులో జామకాయలు అమ్ముకోవడం మేలన్నాడు. అంతటితో పోయినా బాగుండేది.

"ఇదొక్కటి బిగించి పో. గుంటల మోటార్లు రేపట్నుంచి మెకానిక్ టైటస్ చూసుకుంటాడు."

ఏడాది పొడుగునా బాషా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గుంటల పనితోనే. అది పెంచలయ్యకు తెలుసు. ఒక్క మాట చాలు. నోరు తెరిచాడు. వంటింట్లోంచి దుర్గ దగ్గు వినబడింది. మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి కొత్త పంపు ఆడింది. పానాలు అందిస్తున్నంతసేపూ పెంచలయ్య తల ఎత్తలేదు. దుర్గ అన్నం పెడితే బాషా తిన్నాడు గానీ, పెంచలయ్య కంచం ముట్టలేదు. ఆటో దాకా బాషా వెంట వెళ్ళాడు.

"నా కోసం నీ పొట్ట నువ్వే కొట్టుకుంటివి గదయ్యా."

"దప్పికైనోళ్ళకు నీళ్ళు పోసిన మనిషివి," అన్నాడు బాషా బండి స్టార్ట్ చేస్తూ. "నిన్ను పట్టిస్తే అల్లా నన్ను ఊరికే వదుల్తాడా?"

బండి మలుపు తిరిగేదాకా పెంచలయ్య అక్కడే నిలబడ్డాడు.

ఆ రెండు నెలల్లో బిందెలతో వచ్చిన ఊరి ఆడవాళ్ళను ఒక్కరోజు కూడా లోపలికి రానివ్వకుండా, బోరు నీళ్ళన్నీ అతను కావలి ట్యాంకర్ల వాళ్ళకు అమ్ముకున్నాడు.