బయటి బెంచీ

తను పక్కనే ఉండి కూడా, తనకు తెలియకుండానే కూతురు బుజ్జిదాని ఊపిరి ఆగిపోతుందేమోనని ఆమె భయం.

అంతకు మించిన భయం ఆమెకు ఈ లోకంలో లేదు.

బుజ్జిదానికి ఉబ్బసం. చల్లగాలి తగిలినా, దుమ్ము లేచినా, ఆఖరికి గట్టిగా నవ్వినా పిల్లికూతలు మొదలవుతాయి. అందుకే ఈ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఆమె వంటగది ఎంతుందో చూడలేదు. డాక్టరమ్మ క్లినిక్ ఎంత దూరమో చూసింది.

ఇంటికి బదులు ఆస్పత్రిలో మంచమే అద్దెకు తీసుకోవాల్సిందని భర్త ఎగతాళి చేశాడు కూడా.

డాక్టరమ్మ మంచిది. పిల్ల వీపు మీద పెట్టేముందు స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చబెడుతుంది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆమెకు అర్థమయ్యేలా, విసుక్కోకుండా ఒకటికి రెండుసార్లు చెబుతుంది.

నచ్చనిదల్లా బయటి బెంచీ మీది పెద్దాయనే.

గుమ్మం పక్కన గోడకు చేరగిలబడి కూర్చుంటాడు. చేతులు వణుకుతుంటాయి. లేస్తే అడుగు తడబడుతుంది, మాట ముద్దగా వస్తుంది. పొద్దున్నే పట్టించి వస్తాడని ఆమె మొదటి రోజే తేల్చేసుకుంది. ఏ జబ్బుకు వస్తాడో గాని, ఆయన వంతు మాత్రం ఎప్పటికీ రాదు.

పైగా పెత్తనం ఒకటి. కునికిపాట్లు పడుతున్నట్టే ఉంటాడు, ఉన్నట్టుండి వేలెత్తి ఎవరినో చూపిస్తాడు. నర్సు మారుమాట్లాడకుండా వాళ్ళను ముందు లోపలికి పంపుతుంది. కూర్చున్నవాళ్ళూ నోరెత్తరు. తాగినవాడితో మనకెందుకని ఊరుకుంటున్నారు కాబోలు అనుకుంది.

ఆ రోజు బుజ్జిది ఆగకుండా దగ్గుతోంది. వంతు వాళ్ళదే. పిల్లను ఎత్తుకుని లేచేసరికి పెద్దాయన వేలు లేచింది. వెనక వరసలో, తల్లి భుజం మీద కిక్కురుమనకుండా పడుకున్న ఒక చంటిపిల్ల వైపు.

"ఆ చంటిది ముందు," అన్నాడు ముద్దగా. "దగ్గే పాప ఆగగలదమ్మా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం సిస్టర్, ఎవరి బిడ్డ ప్రాణం ముందో ఈ తాగుబోతు చెప్పాలా?"

నర్సు ముఖం జేవురించింది, ఏదో అనబోయింది. పెద్దాయన వద్దన్నట్టు వేలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వేలు పెదవుల మీద కుదురుగా నిలవలేదు.

ఎవరికీ చెప్పొద్దని నర్సుతో అని, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆ చోటు ఖాళీ. పీడ విరగడైంది అనుకుంది.

వానలు పట్టుకున్నాయి. బుజ్జిదానికి మళ్ళీ తిరగబెట్టింది. క్లినిక్‌లో కాలు పెట్టే సందు లేదు. గుమ్మం పక్క చోటు మాత్రం ఎందుకో ఎవరూ కూర్చోకుండా వదిలేశారు. ఆమె పోయి అక్కడే కూర్చుంది.

బుజ్జిది దగ్గి దగ్గి సోలిపోయింది. ఈల వేసినట్టున్న కూతలు సన్నగిల్లి, కాసేపటికి ఆగిపోయాయి. హమ్మయ్య, నెమ్మదించింది, నిద్రపోతోంది నా తల్లి అనుకుని కొంగు కప్పింది. పిల్ల లేస్తుందని, పక్కవాళ్ళను కాస్త మెల్లగా మాట్లాడమని బతిమాలింది.

ఎవరినో పిలవడానికి తలుపు తీసిన డాక్టరమ్మ చూపు బుజ్జిదాని నీలం తిరిగిన పెదవుల మీద పడింది. మరుక్షణం పిల్లను ఒళ్ళోంచి లాక్కుని లోపలికి పరుగెత్తింది.

మందుగాలి పెట్టగా పెట్టగా, చాలాసేపటికి పిల్లికూతలు మళ్ళీ వినబడ్డాయి. ఆ చప్పుడు వినగానే ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది.

"కూత ఆగిందంటే తగ్గినట్టు కాదమ్మా," అంది డాక్టరమ్మ, చెమట తుడుచుకుంటూ. "లోపల గాలే ఆడటం లేదని. దగ్గే పిల్లలు కాసేపు ఆగగలరు. దగ్గలేని పిల్లలే ఆగలేరు. నాన్న బయట ఉండుంటే ఇంతదాకా రానిచ్చేవారు కాదు."

ఆమె చూపు తనకు తెలియకుండానే బెంచీ వైపు పోయింది.

"మరి ఆయనకా వణుకు..." అంది.

"నరాల జబ్బు. బయటికి రావడం మానేశాక మరీ మంచం పట్టేశారు. ఎందుకు మానేశారని ఎంతడిగినా చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా మాట పడిపోయింది."

నర్సు తలెత్తలేదు.

డాక్టరమ్మ తను కూర్చున్న కుర్చీ చేతిని నిమిరింది.

"ఇది ఆయన కుర్చీనే. చేతిలో సూది నిలవడం లేదని నాకిచ్చేసి, చెవులింకా బాగానే ఉన్నాయిగా అని బయటి బెంచీకి మారారు, మా పెద్ద డాక్టరుగారు."

మీ వీధి క్లినిక్‌లో రోజూ కనబడే మనిషెవరైనా ఈమధ్య కనబడకపోతే, ఇల్లు కనుక్కుని, మాట ఉండగానే ఒకసారి పలకరించి రండి.