మూడో అంకం చివర

"ఆయన అలా అన్నారా?" మేడం చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"అన్నారు మేడం," అంది వకీలు. అయినదానికీ కానిదానికీ వాదనకు దిగుతుందని క్లాసువాళ్లు ఆ అమ్మాయికి పెట్టిన పేరది. "నాటకంలో ఆ శిల్పి నోరు విప్పితే ఏడ్చేస్తాడట. అతనే ఏడిస్తే ఇక ఆమెకి ఆసరా ఎవరు అన్నారు సార్."

మేడం సుద్దముక్కని బల్లమీద పెట్టేసింది.

"మీ సార్‌తో చెప్పు. పక్కన కూచుని కలిసి ఏడవడం కూడా చేతకాని మనిషి ఇంకేం ఆసరా అవుతాడని."

క్లాసులో ఎవరూ నవ్వలేదు.

పాఠం ఒక పాత నాటకం. ఆరంకాలది. ఒక శిల్పి, రేవులో వలలు అల్లే ఒక అమ్మాయి ప్రేమించుకుంటారు. మూడో అంకం చివర అతనికి దూరదేశంలో పని పడుతుంది. మళ్లీ వస్తావా అని ఆమె అడుగుతుంది. అతను జవాబు చెప్పకుండానే పడవెక్కుతాడు. మిగతా మూడంకాలూ ఆమె ఎదురుచూపే. మొదటి సగం సార్ పొద్దునపూట చెబుతారు, రెండో సగం మేడం మధ్యాహ్నం చెబుతుంది. ఇద్దరూ ఆ ఏడే కాలేజీకి కొత్తగా వచ్చినవాళ్లు. ఆయన వెళ్లిపోయాక గానీ ఆవిడ రాదు. ఇద్దరూ ఒకచోట నిలబడి ఉండగా చూసినవాళ్లు లేరు.

గొడవంతా ఆ శిల్పి మౌనం దగ్గరే మొదలైంది. ప్రేమ ఉంటే ఒక్క మాటైనా చెప్పేవాడు అంది మేడం ఒకరోజు. సార్ అలా చెప్పలేదే అని వకీలు అడ్డుపడింది. మరి ఏం చెప్పారో కనుక్కో అంది మేడం. అలా మధ్యాహ్నం మాట మర్నాడు పొద్దున్నకీ, పొద్దుటి మాట మధ్యాహ్నానికీ మోయడం వకీలు పనైంది. మొదట్లో అందరికీ సరదాగానే ఉండేది. పాఠం ముందుకు సాగకపోతే చేదా? కానీ రోజులు గడిచేకొద్దీ ఆ మాటలు బరువెక్కాయి.

కలిసి ఏడవడం గురించి మేడం అన్నది విన్న రోజు సార్ కుర్చీలో కూలబడి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ గంటంతా వేరే ఏదో చెప్పారు. బెల్లు కొట్టాక వకీలుని పిలిచారు.

"అతనికి మాట లేక కాదమ్మా. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. ఒకరోజు ఆగాడు. ఆ ఒక్కరోజు అలా పెరుగుతూ పోయింది."

అది విన్న మేడం ముఖం ఎర్రబడింది.

"ఆమె మాత్రం ఎన్నిసార్లని అడుగుతుంది? అడిగి అడిగి నేను..."

అక్కడితో ఆగి, వెనక్కి తిరిగి, ఏమీ రాయని బోర్డుని తుడవడం మొదలుపెట్టింది.

ఆ 'నేను' అందరి చెవుల్లోనూ పడింది. సాయంత్రానికల్లా క్లాసు ఒక నిర్ణయానికి వచ్చేసింది. వీళ్లిద్దరూ ఒకప్పుడు ప్రేమించుకున్నారు. ఏదో అడ్డం వచ్చి విడిపోయారు. ఉద్యోగం మళ్లీ ఒకేచోటికి తెచ్చింది. వకీలుకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇన్నాళ్లూ తను మోసింది చర్చ అనుకుంది, రెండు గుండెల గాయం అనుకోలేదు.

శుక్రవారం మేడం ఆరో అంకం ముగించింది. రేవులోకి పడవ వస్తుంది, అందులోంచి ఎవరు దిగుతారో చూపించకుండానే తెర పడుతుంది. పుస్తకం మూసి, మేడం వకీలు బెంచీ దగ్గరికి వచ్చింది. గొంతు బాగా తగ్గించింది.

"సోమవారం మీ సార్ వస్తే చెప్పు. ఆమె ఇక జవాబు అడగదట. ఊరికే వచ్చి పక్కన కూచుంటే చాలట."

సోమవారం దాకా ఆ మాటని దాచుకోవడం వకీలు వల్ల కాలేదు. ఆఫీసులో సార్ చిరునామా అడిగి తీసుకుని బస్సెక్కింది. దారిపొడుగునా మాటలు కూడబలుక్కుంది. మేడం మీకోసమే ఎదురుచూస్తున్నారు సార్, ఒక్కసారి వెళ్లి కలవండి, ఇంకేం అనక్కర్లేదు అని చెప్పాలి.

తలుపు తీసిన సార్ ఆశ్చర్యపోయినా, లోపలికి పిలిచి కూచోబెట్టారు. ఎదురుగా గోడకి ఒక పిల్లవాడి ఫొటో. ముందు పన్ను ఊడిన నవ్వు. దానికింద చిన్న బల్బు వెలుగుతోంది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. అంటే సార్‌కి సంసారం ఉంది.

"మా బాబు," అన్నారు సార్, వకీలు చూపు గమనించి. "పోయి మూడేళ్లయింది."

ఇంత దుఃఖం ఉన్న ఇంట్లో ఆ కబురు ఎలా చెప్పడం? ఏదో సందేహం అడుగుదామని వచ్చానని నసిగింది. సార్ నమ్మలేదు.

"మేడం ఏమన్నారమ్మా?"

వకీలు వంటింటి వైపు చూసింది. పరవాలేదు చెప్పమన్నారు సార్. గుసగుసగా, మేడం అన్న మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది.

ఆయన కళ్లు నిండాయి. తుడుచుకోలేదు. మెల్లగా వంటింటి వైపు తిరిగారు.

"కాస్త ఇలా వస్తావా?"

లోపల గిన్నెల చప్పుడు టక్కున ఆగిపోయింది. వకీలు భయంతో లేచి నిలబడింది. కొడుకుని పోగొట్టుకున్న ఆ తల్లి ఇంట్లోకి ఇంకో ఆడమనిషి కబురు మోసుకొచ్చింది తను. ఇప్పుడు ఆవిడకి మొహం ఎలా చూపించాలి?

గుమ్మం దగ్గర కర్టెన్ కదిలింది.

వచ్చింది మేడమే.