ఇంటిపేరు గడి

"పి" అన్న ఒక్క అక్షరం దగ్గర నాగరత్న పరిశోధన ఆగిపోయింది.

ఏళ్ళ తరబడి తిరిగి రాసుకున్న వ్యాసం అది. కోలారు బంగారు గనుల్లో బండ పగిలినప్పుడు పైన ఇళ్ళల్లో గిన్నెలు అదిరేవి. ఆ అదురును బట్టి, పగిలింది ఏ గనిలోనో ఆడవాళ్ళు ఇట్టే చెప్పేసేవాళ్ళు. గనులు మూతపడ్డాక ఆ ఆడవాళ్ళను పలకరించిన నాథుడు లేడు. నాగరత్న పలకరించింది.

జర్నల్‌కు పంపడానికి ఆ రోజే ఆఖరు. వ్యాసం అచ్చయితేనే ఆమెకు పీహెచ్‌డీ.

ఆండర్సన్‌పేటలో డెరిక్ నెట్ సెంటర్లో కూర్చుని జర్నల్ వాళ్ళు అడిగిన గడులన్నీ నింపింది. ఇంటిపేరు గడిలో "పి" అని కొట్టింది. గడి ఎర్రబడింది. ఒక్క అక్షరం చెల్లదంది.

కోస్తావాళ్ళకైతే నోరు తిరగని ఇంటిపేర్లుంటాయి. ఇక్కడ ఎవరికి కావాలి? నాయన పేరులోంచి ఒక అక్షరం తెచ్చి ముందు తగిలించుకుంటే బతుకంతా గడిచిపోతుంది. ఆ సంగతి విదేశీ జర్నల్‌కు ఎవరు చెప్పాలి?

"పీపీ అని కొట్టేయండి మేడమ్," అన్నాడు డెరిక్. "రెండక్షరాలుంటే ఊరుకుంటాది. అందరూ అట్లే చేస్తారు."

నాగరత్న కొట్టబోయింది.

"పి అంటే ఏమమ్మా?"

వెనక ఎవరో ముసలాయన. మెడలో శిలువ, చేతిలో జెరాక్సు కాగితాలు, మొహంలో లేనిపోని ఆరా.

"పాపన్న. మా నాయన."

"ఏం చేస్తాడు?"

"గనిలో పోయినాడు. నా చిన్నప్పుడే."

ముసలాయన చెయ్యి మెడలోని శిలువ మీదికి వెళ్ళింది.

"అట్లయితే ఈ పీపీ ఏందమ్మా? పాపన్న అని పూర్తిగా కొట్టు."

"నా సర్టిఫికెట్లలో అంతా పి అనే ఉండాది తాతా. ఇప్పుడు మారిస్తే లేనిపోని తకరారు."

"కిందికి దిగిన మనిషి ఎట్లాగూ రాలేదు. పేరన్నా పైకి రానీ తల్లీ."

"కరెంటు యాడ పోతాదో అని నేను చస్తా ఉంటే నడమ మీ గోలేంది? మీ జెరాక్సు మీరు చూసుకోండి!"

అంత మాటన్నా ఆయన కదల్లేదు. కుర్చీ పక్కనే నిలబడ్డాడు.

"కొట్టమ్మా. నువ్వు కొట్టేదాకా నేను పోను."

ఈ మొండిఘటాన్ని వదిలించుకుంటే చాలని, నాగరత్న టపటపా పాపన్న అని కొట్టింది. గడి ఒప్పుకుంది. వ్యాసం వెళ్ళిపోయింది.

తిరిగి చూస్తే ముసలాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. ముసలితనంలో కళ్ళు ఊరికే కారతాయిలే అనుకుని ఆమె సంచీ సర్దుకుంది. పేరైనా అడగలేదు.

జర్నల్ వాళ్ళు ఓ పట్టాన ఒప్పుకోలేదు. వంటింటి గిన్నెలు కూడా సాక్ష్యమేనా అని ఒక సమీక్షకుడు వెటకారం చేశాడు. నాగరత్నకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఆ ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది. మళ్ళీ రాసింది, మళ్ళీ పంపింది. మరుసటి ఏడు వ్యాసం అచ్చయింది.

అసలు సంబరం ఆ తర్వాత వచ్చింది. దక్షిణాఫ్రికా గనుల మీద పనిచేసే ఒక ప్రొఫెసరు ఆమె వ్యాసాన్ని ఆధారం చేసుకుని తన వ్యాసం రాశాడు. వాళ్ళ పద్ధతిలో చివరి పేరే పేరు. అందుకని "పాపన్న చెప్పినట్టు", "పాపన్న నిరూపించినట్టు" అని పేజీ పేజీలోనూ రాశాడు.

నాగరత్న అది తల్లి చెన్నమ్మకు చదివి, తెలుగులో చెప్పింది.

"మీ నాయన చెప్పినాడనా రాసుండారు?" చెన్నమ్మ పొంగిపోయింది. "వేలిముద్ర మనిషి! ఇంగ దొరలకే పాఠం చెప్తా ఉండాడా!"

ఆ పూట ఆమె కాలు ఇంట్లో నిలవలేదు. వీధంతా తిరిగి చెప్పొచ్చింది. తల్లిని చూస్తూ ఉంటే నాగరత్నకు నెట్ సెంటర్లో ఆ గడి గుర్తొచ్చింది. పీపీ అని కొట్టి ఉంటే ఈ భాగ్యం ఎక్కడిది? ఆ ముసలాయనకు ఒక ప్రతి ఇచ్చి తీరాలి.

డెరిక్ ఆనవాలు పట్టాడు. "అంతోని తాత. చర్చి వెనక ఇల్లు. శానా దినాలుగా ఇటు పక్క రాలేదు మేడమ్."

తలుపు తీసింది ఆయన కోడలు క్యాథరిన్.

"మామ ఈస్టరుకు ముందే పోయినాడక్కా."

చేతిలో జర్నల్‌తో నాగరత్న గడపలోనే నిలబడిపోయింది. "నేను... నాగరత్న."

"నాగరత్న పాపన్నా?" క్యాథరిన్ మొహం విప్పారింది. "రాక్కా, లోపలికి రా. పాపన్న పేరు నేనే దగ్గరుండి కొట్టించినానని కనబడినోళ్ళందరికీ చెప్పుకుంటా ఉండె. దానికే మురిసిపోతా ఉండె."

"ఆ దినం విసుక్కుంటినమ్మా ఆయన్ను. మా నాయన పేరు మీద ఆయనకెందుకు అంత పట్టుదల?"

"నీకు చెప్పనేలేదా?" క్యాథరిన్ తెల్లబోయింది. "మీ అమ్మకు మొహం చూపించలేక చివరిదాకా మీ గడప తొక్కలేదక్కా. అప్పట్లో గనిలో ఒకరి పండగకు ఇంకొకరు దిగతా ఉండ్రి. మీ ఉగాదికి మావాళ్ళు, మా క్రిస్మస్‌కు మీవాళ్ళు."

ఆమె జర్నల్‌ను రెండు చేతులా అందుకుని మామగారి ఫోటో ముందు పెట్టింది.

"ఆ క్రిస్మస్‌కు మా మామ ఇంట్లో పండగ చేసుకోవాలని, ఆయన బదులు గనిలోకి దిగిన మనిషి మీ నాయనక్కా."