శతజయంతి చెప్పులు

మా ఆయన శతజయంతికి ఊరి లైబ్రరీలో ఆ మహానుభావుడి తోలుచెప్పులు అద్దాలపెట్టెలో పెడతారట. అసలువి ఆయన పోయిన మర్నాడే నేను కాలవలో పారేశాను. అందుకని మా పెద్దాడు సత్యప్రసాద్ రాజమండ్రి నుంచి కొత్త జత తెచ్చి, వసారాలో కూర్చుని ఉప్పుకాగితంతో అరగదీస్తున్నాడు.

"ఇవి నాన్నగారివేనని సభలో నువ్వొక్క మాట చెబితే చాలమ్మా."

"అబద్ధం చెప్పినా అతికినట్టుండాలిరా. కుడిది ఇంకా అరగాలి."

"ఏం, నాన్నగారు కుడికాలు ఈడ్చేవారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"తెలియనట్టు అడుగుతావేంటిరా? అది ఆయన కాలికి ఉన్నదానికంటే చేతిలో ఉన్నదే ఎక్కువ. అడుగు కాదు, అంచు అరగదియ్యి. రేపు మైకులో అదే చెబుతాను."

వాడి చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పటిలాగే బెదురుగా వీధిగుమ్మం వైపు చూశాడు.