వదిలేసిన ఆస్పత్రి

"మీ కంపెనీ పురాణం తర్వాత. ముందు బటన్ నొక్కి చూపించమ్మా," అంది సూపరింటెండెంట్.

గంటల కంపెనీ నుంచి వచ్చినావిడ అప్పటికింకా నమస్కారం దగ్గరే ఉంది. ఆస్పత్రి మీటింగు గదిలో పెద్ద నర్సు, స్టోర్సు ఆఫీసరు కూడా కూర్చుని ఉన్నారు. బల్ల మీద తెల్లటి బటన్లు, తీగ లేకుండానే వాటికి పలికే చిన్న పెట్టె. పేషెంటు మంచం మీంచి నొక్కితే నర్సు దగ్గర మోగాలి. అంతే పని. ఆ కాస్త పనీ పాత గంటలు చెయ్యకే కిందటి వారం ఒక పెద్దాయన నొక్కీ నొక్కీ విసిగి, తనే మంచం దిగబోయి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వాటిని అమ్మినవాళ్లు ఇదే గదిలో అవార్డుల ఫొటోలు తెగ చూపించి, గంటలు బిగించి, డబ్బు చేతిలో పడగానే పత్తా లేకుండా పోయారు. సూపరింటెండెంట్‌కి ఆ మంట ఇంకా చల్లారలేదు.

వచ్చినావిడ నొచ్చుకోలేదు.

"ఇవాళ నొక్కితే ఎవరిదైనా మోగుతుంది మేడం. రేపు మోగకపోతే ఎవర్ని పట్టుకోవాలో మీకు ముందు తెలియాలి కదా."

మాట సూటిగా తగిలింది. సూపరింటెండెంట్ కుర్చీలో వెనక్కి వాలి, కానివ్వమంది.

ఆవిడ చెప్పింది కొంచెమే. తమది చిన్న కంపెనీ అని, గంటలు తప్ప ఇంకేవీ చెయ్యమని, పాడైతే వచ్చి బాగుచేసే మనిషి ఈ ఊళ్లోనే ఉంటాడని. కంటి ఆస్పత్రిలో, కాన్పుల ఆస్పత్రిలో మోగుతున్నవి తమవేనని, చెప్పాపెట్టకుండా వెళ్లి చూసుకోవచ్చని. చివర్న, గొంతేమీ తగ్గించకుండా, ఎముకల ఆస్పత్రిలోనూ పెట్టామని, ఇప్పుడక్కడ తమ గంటలు లేవని చెప్పింది.

స్టోర్సు ఆఫీసరు టీ కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అమ్ముకోడానికి వచ్చి, చెడిపోయిన బేరం సంగతి తనంతట తానే చెప్పే మనిషిని అతనెన్నడూ చూడలేదు.

"ఎందుకు తీసేశారు?" అంది సూపరింటెండెంట్.

"నేను చెబితే అమ్మకం మాటలా ఉంటుంది మేడం. వాళ్లనే అడగండి."

ఎముకల ఆస్పత్రి పెద్ద డాక్టరు కాలేజీలో సూపరింటెండెంట్‌కి జూనియర్. ఆ సంగతి ఈవిడకి తెలిసే వీల్లేదు. సూపరింటెండెంట్ తన ఫోనులోంచే అతనికి కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. ఎదుటి మనిషి కళ్లలో బెరుకు వెతికింది. కనపడలేదు. ఆ నిబ్బరం చూసి, కొన్నా కొనకపోయినా ఇలాంటి మనిషి తన దగ్గర ఒక్కరుంటే బాగుండునని అనిపించింది.

కుశలప్రశ్నలయ్యాక, ఆ గంటలు ఎందుకు పీకేశారని అడిగేసింది.

అవతల నిట్టూర్పు వినపడింది.

"మేమెక్కడ పీకేశాం అక్కా? మాది పాత కట్టడం, మందపాటి గోడలు. రెండు గదుల్లోంచి గంట ఒక్కోసారి అందట్లేదని ఆ కంపెనీ ఆవిడే కనిపెట్టింది. మిగతావి బాగానే మోగుతున్నాయి, ఉంచమ్మా అని మేం బతిమాలుతున్నా వినకుండా, అన్నీ విప్పేసి, తీగల గంటలు పెట్టే పోటీ కంపెనీవాణ్ణి తనే వెంటబెట్టుకొచ్చింది!"