ఇరవై రెండు ఓటములు

గురజాలలో ఖాదర్ వలి సైకిల్ షాపు ముందు ఒక నాపరాయి. దాని మీద దాడి ఆట గళ్లు చెక్కి ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నం ఎవరో వచ్చి, కళ్లు మూసుకుని ఆ గీతల్ని వేలితో తడుముతున్నాడు.

"ఏందయ్యా, చూపు ఆనదా?"

"ఆనుద్దన్నా. ఎవురు చెక్కారియ్యి?"

"మా తమ్ముడు సుభానీ." వలి చేతిలో రెంచీ ఆగింది. "పోయినేడు వెల్దుర్తి కాడ బావి తవ్వతంటే ఒడ్డు ఇరిగి మీద పడింది. మూడోరోజుకి గాని మట్టి తియ్యలా. పక్కనున్నోడు మాత్రం బతికాడు. మేం పొయ్యేసరికే ఆస్పత్రికి తీసకపోయారంట. మావాణ్ణి తొక్కి పైకొచ్చుంటాడు, దొంగనాయాలు."

వేలు గీత మీదే ఆగిపోయింది.

"చీకట్లో ఒక్కడే ఎంత అల్లాడాడో! అదే నన్ను కన్ను మూయనీదు," అన్నాడు వలి.

అతను కళ్లు తెరవకుండానే రాయి పక్కన చతికిలబడ్డాడు.

"ఒకాట ఆడదామా అన్నా?"

చెరి తొమ్మిది కాయలు. వలివి చింతగింజలు, అతనివి గులకరాళ్లు. వరసగా మూడు కుదిరితే దాడి. ఎదుటివాడి కాయ ఒకటి లేచిపోతుంది.

అతను కళ్లు తెరవలేదు. "బయటి గడి, ఎడం మూల," అనేవాడు. వలి ఆ రాయిని అక్కడ పెట్టి, తన ఎత్తు పైకి చెప్పేవాడు.

నవ్వుతూనే మొదలుపెట్టాడు వలి. తనకి దాడి పడగానే, మూలనున్న రాయి ఒంటరిగా కనబడితే ఆశపడి తీశాడు.

తీశాక చూసుకున్నాడు. అతని రాయి ఒకటి అటు జరిగితే ఒక దాడి, ఇటు జరిగితే ఇంకో దాడి.

ఈ ఉచ్చు పన్నేది లోకంలో ఒక్కడే.

"నీళ్లు తాగి రా భాయ్," అన్నాడు అతను.

అంత ఎండలోనూ వలి ఒళ్లు జలదరించింది. గెలిచే ముందు సుభానీ అనే మాట. అదే సాగదీత.

"ఎవురు నేర్పారు నీకిది?"

"నేర్పలా. ఓడి నేర్చుకున్నా. ముందు మూలకాయకి ఆశపడి ఓడా. దాన్నొదిలేసీ ఓడా. యాడ తప్పానో తలుచుకుంటా మళ్లీ ఆడేవోణ్ణి. ఇరవై రెండాటలు."

"ఒక్కటీ గెలవలా?"

"ఇరవై మూడోది గెలిచేవోణ్ణే. ఎత్తు అవతలాయనది. ఆయన చెప్పలా." మూసిన రెప్పలు అదిరాయి. "ఇంకా ఆ ఎత్తు కోసమే చూస్తన్నా."

"నువ్వు మనిషివా, దెయ్యానివా?" వలి కాయలన్నీ ఒక్క తోపుతో చెదరగొట్టాడు. భుజం పట్టి లేపి రోడ్డు మీదికి నెట్టాడు. "పో! మళ్లీ ఈ చాయలకి రాబాక!"

అతను తూలి నిలదొక్కుకున్నాడు. అప్పుడు కళ్లు తెరిచాడు. ఎర్రగా, తడిగా ఉన్నాయి.

"ఆడ గీతల్లేవు, కాయల్లేవన్నా. చీకట్లో నోటితోనే ఆడాం. నీళ్లు తాగి రమ్మన్నప్పుడల్లా ఇద్దరం నవ్వుకునేవోళ్లం, యాడున్నాయని నీళ్లు!"

మాచర్ల బస్సు వచ్చి ఆగింది. ఎక్కాడు.

వలి వంగి గులకరాళ్లు ఏరుతున్నాడు. ఆరో రాయి దగ్గర చెయ్యి ఆగింది.

ఒక్క ఉదుటున లేచి పరుగెత్తాడు. "ఆపండయ్యా! బస్సాపండి!"

దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

సుభానీ ఒంటరిగా పోలేదు. ఆ బావిలో వాడి ఆఖరి మాట దాకా పక్కనే ఉండి ఇరవై రెండుసార్లు ఓడిన మనిషినే వలి ఇప్పుడు గెంటేశాడు.